లెక్కకొచ్చే తూటాలు, లెక్కకందని సీసాలు

ఎన్నికల షెడ్యూలు వెలువడిందంటే లైసెన్సు తుపాకులున్న వాళ్లకు స్టేషన్ నుంచి కబురొస్తుంది. నరసరావుపేటలోనైనా, గురజాలలోనైనా, మాచర్లలోనైనా అంతే. ఆయుధం, తూటాలు అప్పగించాలి, రసీదు తీసుకోవాలి. కోడ్ ముగిశాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. పల్నాటిలో ఇంత పద్ధతిగా లెక్క తేలే ఆయుధం ఇదొక్కటే. వేటకొడవలి, నాటుబాంబు, పెట్రోలు సీసా ఏ రిజిస్టరులోనూ కనిపించవు.

తుపాకులంటే మోజున్న వాళ్ల దగ్గర మాత్రం మాట వేరేగా ఉంటుంది. చిన్న పాయింట్ 22 పిస్టల్ మ్యాగజైన్‌లో ఇంకో రెండు మూడు తూటాలు పట్టేలా చేయించుకుంటే ఎలా ఉంటుందన్నది వాళ్లు తరచూ తర్జనభర్జన పడే విషయం. పైకి అమాయకమైన ప్రశ్నే. దాని వెనకున్న నమ్మకం మాత్రం అమాయకమైనది కాదు: తూటాలు పెరిగితే భద్రత పెరుగుతుందట.

ముందు ఆ తూటా సంగతి చూద్దాం. ఇంచుమించు పెన్సిల్ మందం, అంగుళం పొడవు. అడుగున చుట్టూ సన్నని అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. నిప్పు రగిలించే మందు ఆ అంచులోనే ఉంటుంది కనుక దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. తూటాలను ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు పైదాని అంచు కిందదాని అంచుకు వెనకపక్కన పడిందా, రెండూ ఒకదానికొకటి తగులుకుని పిస్టల్ మొరాయిస్తుంది. వరుస పొడుగయ్యేకొద్దీ స్ప్రింగు మీద భారం, తూటాలు చిక్కుకునే అవకాశం రెండూ పెరుగుతాయి. తయారుచేసినవాడు పది దగ్గర ఆగాడంటే పిసినారితనం వల్ల కాదు. ప్రాణాపాయంలో పనికొస్తుందని తెచ్చుకున్న వస్తువును సరిగ్గా ఆ క్షణంలో మూగబోయేలా చేసుకోవడాన్ని ముందుచూపు అనలేం. ఇక ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన ‘నిడర్’ రివాల్వర్ విషయానికొస్తే, పాయింట్ 22 తూటాలు ఎనిమిది పడతాయి, బరువు సుమారు 250 గ్రాములు. అందులో తూటాలు కూర్చునేది గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో. తొమ్మిదో తూటాకు చోటు అడగడానికే వీల్లేదు.

ఇదే తూటాతో ప్రపంచస్థాయిలో నిలిచిన తెలుగమ్మాయి ఉంది. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలుచుకుంది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆడింది. ఆ పోటీలో మ్యాగజైన్‌లో నింపేది ఐదే ఐదు. క్వాలిఫికేషన్‌లో ఐదేసి చొప్పున మొత్తం 60 షాట్లు. రెండో సగంలో చెయ్యి దించి ఏడు సెకన్లు ఆగాలి, ఆ తర్వాత మూడు సెకన్లలో చెయ్యెత్తి ఒక్కటే పేల్చాలి. అంత నేర్పున్న చేతికే ఐదు సరిపోతుంటే, ఏడాదికొకసారైనా రేంజి ముఖం చూడని పెద్దమనిషికి పదమూడు దేనికి? చూపించుకోవడానికి. మన పల్లెల్లో వెనక 1+1 గన్‌మన్ నడిస్తే దక్కే గౌరవం 2+2 నడిస్తే రెట్టింపవుతుంది. తూటాల సంఖ్య మీద మోజూ ఆ బాపతే.

అమెరికాలో 1994 నుంచి 2004 వరకు పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్లపై నిషేధం ఉండేది. మనవాళ్లు వేరే దారి పట్టారు. మనిషికి ఎన్ని తుపాకులు, తుపాకీకి ఎన్ని తూటాలు అని లెక్కపెట్టారు. 2019 డిసెంబరు సవరణతో మూడు తుపాకుల పరిమితిని రెండుకు కుదించారు. 1959 ఆయుధాల చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఆయుధాల విడిభాగాలూ ఉన్నాయి. లైసెన్సు లేకుండా వాటిని తయారుచేస్తే ఏడేళ్లకు తగ్గని జైలు, జీవితఖైదు దాకా పడవచ్చు. కాబట్టి తెలిసిన లేతు మిషన్ మేస్త్రీ చేత పని కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు కాస్త ఆగడం మంచిది. నా ఉద్దేశంలో మన లెక్కే మేలు. మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయన్న దానికంటే తుపాకీ ఎవరి చేతిలో ఉంది, ఎందుకుంది అన్నదే అసలు ప్రశ్న. చిక్కల్లా ఆ ప్రశ్నను లైసెన్సు ఇచ్చేటప్పుడు గట్టిగా అడిగి, రెన్యూవల్‌కు వచ్చేసరికి మొక్కుబడిగా మార్చేయడంలో ఉంది. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. పల్నాడులాంటి చోట ఐదేళ్లంటే ఒక ఎన్నిక నుంచి ఇంకో ఎన్నిక దాకా. ఈలోగా ప్రాణభయం చూపి లైసెన్సు తెచ్చుకున్న మనిషి తానే నలుగురికి భయంగా మారి ఉండొచ్చు.

ఇంతా చేసి, 2024 మే 13న పల్నాడు దేశం నోట నానింది పిస్టళ్ల వల్ల కాదు. పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎం నేలకేసి కొట్టిన దృశ్యం అందరూ చూశారు. పోలింగ్ రోజూ ఆ తర్వాతా నరసరావుపేట, మాచర్ల ప్రాంతాల్లో రాళ్లు, కర్రలు లేచాయి. సోదాల్లో పెట్రోలు బాంబులు బయటపడ్డాయి. ఎన్నికల సంఘం ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్‌ను బదిలీ చేసింది, వినీత్ బ్రిజ్‌లాల్ నేతృత్వంలో సిట్ వచ్చింది. లైసెన్సు తుపాకులు నిబంధన ప్రకారం అప్పగించినా ఈ గొడవలకు అదేమీ అడ్డు కాలేదు.

జూన్ 4 ఓట్ల లెక్కింపునకు ముందు అధికారులు తీసుకున్న ఒక చర్య మాత్రం ఊరి నాడి పట్టుకుంది. బంకుల్లో సీసాల్లో, క్యాన్లలో పెట్రోలు పోయొద్దన్నారు. మోటారు ఇంజన్లకు నూనె కావాల్సిన రైతులకు ఇబ్బందే. అయినా పల్నాటి గొడవల్లో ఏది ఆయుధమవుతుందో తెలిసి ఇచ్చిన ఆదేశం అది. చిన్న పిస్టల్‌లో ఎన్ని పట్టాలన్న చర్చకు ఇక్కడ పెద్ద విలువ లేదు. జిల్లా పోలీసులు ఏటా డిసెంబరులో నేర సమీక్ష ప్రకటించేటప్పుడు నాటుబాంబులు, పెట్రోలు సీసాలు ఏ ఊళ్లో ఎన్ని దొరికాయి, ఎన్ని కేసులు శిక్షదాకా వెళ్లాయి అన్నది మండలాలవారీగా బయటపెట్టాలి. రెన్యూవల్‌కు వచ్చిన ప్రతి లైసెన్సుదారు, కొన్న తూటాలెన్ని, మిగిలినవెన్ని, వాడినవి ఎక్కడ వాడారో కాగితం మీద చూపాలి. రెండు లెక్కలూ ఒకే బల్ల మీదికి వస్తే ప్రమాదం ఏ ఇంట్లో ఉందో ఎస్పీకి ఎన్నికల సంఘం చెప్పాల్సిన పని ఉండదు.