అక్క ఒక గదిలో, తమ్ముడు ఒక గదిలో



పల్నాడు నుండి ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాశారు. వారి కుమార్తె, అల్లుడు అమెరికాలో ఉద్యోగములు చేస్తున్నారు. ఈ డిసెంబరు సెలవులకు తల్లిదండ్రులను రప్పించుకొని, అందరూ కలిసి విహార ఓడలో అయిదు రోజులు తిరిగి రావాలని అనుకుంటున్నారట. "ఆ ఓడలో పిల్లలను వయస్సును బట్టి వేరు వేరు గదులలో ఉంచుతారని విన్నాము. మా మనుమరాలికి ఏడేండ్లు. మనుమడికి జనవరిలో గాని మూడు నిండవు. అక్క పక్కన లేనిదే వాడు ముద్ద మింగడు. రక్తసంబంధులను అలా విడదీయడము ఏమి పద్ధతి? మీరు వెళ్ళి వచ్చారు గనుక చెప్పండి" అని ఆమె అడిగారు.

మేమిద్దరము వెళ్ళి వచ్చిన మాట నిజమే. టెక్సాసులోని గాల్వెస్టన్ రేవులో ఎక్కి, మెక్సికో దేశపు కొజుమెల్ ద్వీపము చూచి, అయిదవ రోజున తిరిగి అదే రేవులో దిగాము. ఆ సోదరి అడిగిన ప్రశ్ననే మేము ఆ ఓడలో, అంతకన్న గట్టిగా అడిగాము. కనుక జరిగినది జరిగినట్లు చెబుతాము.

ఓడ అంటే కాకినాడ రేవులో బియ్యము బస్తాలు ఎక్కించే ఓడ మన కళ్ళ ముందు మెదులుతుంది. ఇది అది కాదు. మూడు, నాలుగు వేల మంది పట్టే పెద్ద హోటలు నీళ్ళ మీద పోతున్నదనుకోండి. 2022 జూన్‌లో అటువంటి విహార ఓడ ఒకటి మన విశాఖపట్నము రేవుకు కూడా వచ్చి చెన్నై వైపు ప్రయాణికులను తీసుకొని వెళ్ళింది గనుక ఈ మాట ఇక మనకు మరీ దూరపుది కాదు. పెద్దలు భోజనానికో, రేవులో ఊరు చూడడానికో వెళ్ళినప్పుడు పిల్లలను ఆడించడానికి ఆ ఓడలలో పిల్లల క్లబ్బు ఉంటుంది. పగలంతా దానికి వేరే రుసుము లేదు, టిక్కెట్టులోనే కలిసి ఉన్నది. చాలా ఓడలలో రాత్రి పది దాటితే గంటకు ఇంత అని తీసుకుంటారు.

విభజన ఒక్కొక్క కంపెనీలో ఒక్కొక్క విధముగా ఉన్నది. కార్నివాల్ వారు రెండు నుండి అయిదేళ్ళ వారిని ఒక గుంపు, ఆరు నుండి ఎనిమిది ఒక గుంపు, తొమ్మిది నుండి పదకొండు ఒక గుంపు చేస్తారు. చిన్నవారికి పెంగ్విన్లని, పెద్దవారికి సొరచేపలని పేర్లు! నార్వీజియన్ వారికి మూడు నుండి అయిదు, ఆరు నుండి తొమ్మిది, పది నుండి పన్నెండు. ఎమ్మెస్సీ వారు మూడు నుండి ఆరు వరకు కలిపి, ఏడు దగ్గర గీత గీస్తారు. డిస్నీ వారి ఓడలో మాత్రము మూడేళ్ళు నిండిన వారినీ పెద్ద పిల్లలనూ చాలావరకు ఒకే చోట ఆడనిస్తారు. గీత అయిదు దగ్గరా, ఆరు దగ్గరా అన్నది దేవుడు వ్రాసినది కాదు, కంపెనీవారు వ్రాసుకొన్నదే. అయితే ఎక్కువ ఓడలలో మూడు నిండనిదే, చెడ్డీ తడపకుండా తానే చెప్పుకొనే అలవాటు రానిదే, బిడ్డను తల్లిదండ్రులు లేకుండా తీసుకోరు. కార్నివాల్ వారు రెండేళ్ళ బిడ్డకు డైపర్లు కూడా మారుస్తారు. ఆరు నెలలు నిండని పసిబిడ్డను అసలు ఓడ ఎక్కనివ్వని కంపెనీలున్నాయి.

ఇక మా సంగతి. ఓడ ఎక్కే రోజుకు మా మనుమరాలికి ఆరు నిండి పదహారు రోజులు. మనుమడికి నాలుగు. ఓడ బయలుదేరే నాటికి నిండిన వయస్సే లెక్క అన్నారు. "మూడు వారాల ముందు వచ్చి ఉంటే ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు గదమ్మా" అని మా అమ్మాయి నొచ్చుకొంది.

మా బెంగ గది గురించి మాత్రమే కాదు. మా మనుమడు ఇంట్లో గలగల తెలుగు మాట్లాడతాడు. బయటివారి ముందు నోరు విప్పడు. వాడికి దాహమైనా, దొడ్డికి వెళ్ళవలసి వచ్చినా అక్క చెవిలో చెబుతాడు, అది ఇంగ్లీషులో చెబుతుంది. అటువంటి వాడిని అపరిచితుల మధ్య ఒంటరిగా ఎలా వదలడము? అమ్మాయి వెళ్ళి క్లబ్బు పెద్దను బ్రతిమాలింది. చిన్నవాడిని పెద్దవారి గదిలోనికి పంపడము కుదరదు, కావాలంటే పెద్దది క్రిందికి వచ్చి చిన్నవారితో కూర్చోవచ్చు అని ఆమె మర్యాదగానే చెప్పింది. కారణము కూడా చూపించింది. ఎనిమిదేళ్ళ పిల్లలు పరుగెత్తే చోట నాలుగేళ్ళ వాడు క్రింద పడతాడు. వాళ్ళ ఆటవస్తువులలో గొంతులో ఇరుక్కొనేంత చిన్న ముక్కలుంటాయి. వాళ్ళు అరగంట కూర్చొని చేసే పనిని వీడు అయిదు నిమిషాలలో వదిలేస్తాడు. మన అంగన్వాడీలో కూడా మూడు నుండి ఆరేళ్ళ వారినే కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పుతారు గదా, అదే లెక్క.

మాకు సమాధానము దొరికినట్లయింది. "అక్క ఉంది కదా" అన్నాము. మొదటి రోజు దానిని తమ్ముడితో పాటు చిన్నవారి గదిలో కూర్చోబెట్టాము.

సాయంకాలము తీసుకొని రావడానికి వెళ్ళినప్పుడు కనిపించినది మరువలేము. మనుమడు బంకమట్టితో ఆడుకుంటున్నాడు. మనుమరాలు వాడి పక్కన కూర్చొని ఉన్నది గాని, దాని కళ్ళు ఎదుటి అద్దపు తలుపు మీద ఉన్నాయి. అవతల దాని ఈడు పిల్లలు ఏదో చిన్న యంత్రము బిగిస్తూ కేకలు వేస్తున్నారు. "నీకు అక్కడికి వెళ్ళాలని ఉందా తల్లీ?" అని అడిగాము. "వెళితే తమ్ముడికి ఎవరు చెబుతారు అమ్మమ్మా?" అన్నది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే మాకు అంత బాధ కలిగేది కాదేమో.

ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మా చిన్ననాటి ఊరు జ్ఞాపకము వచ్చింది. తల్లులు కలుపు తీయడానికి పోతే చంకలో తమ్ముడితో బడి గుమ్మము దగ్గర నిలబడి లోపలికి చూచే ఆడపిల్లలు వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉండేవారు. వారిలో మా సొంత అక్క ఒకరు. మూడవ తరగతి దాటలేదు. తమ్ముళ్ళందరినీ పెంచి, ఉత్తరము చదివించుకోవడానికి జీవితమంతా ఆ తమ్ముళ్ళనే పిలిచింది. "అక్క ఉంది కదా" అన్న మాట మా ఇంట్లో మొదట ఆమె గురించే అన్నారు. సముద్రము దాటి వచ్చి ఆరేళ్ళ పిల్ల గురించి అదే మాట మేము అన్నాము.

మరునాడు ఉదయము అమ్మాయితో మాట్లాడాము. అల్లుడుగారు మొదట ఒప్పుకోలేదు. చివరకు ఇలా చేశాము. మనుమడికి ఇంగ్లీషులో మూడు మాటలు నేర్పాము: నీళ్ళు, దొడ్డి, అమ్మ. చిన్నవారి గదిలోని అమ్మాయికి వాడు చెప్పే తెలుగు మాటలు కాగితము మీద ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి ఇచ్చాము. ఆమె నవ్వి, దానిని గోడకు అంటించింది. పిల్లల చేతికి కట్టిన పట్టీ మీద, ప్రమాదము వస్తే వారి కుటుంబము చేరవలసిన చోటు గుర్తు ఉన్నది. అది చూచి మావారి గుండె కొంత కుదుటపడింది. తమ్ముడిని గంట మాత్రమే వదిలాము. అక్కను దాని గదికి పంపాము.

వాడు ఏడ్చాడు. పది నిమిషాలు తలుపు దగ్గరే నిలబడి ఏడ్చాడు. అంతా బాగానే జరిగిందని మీకు చెప్పము. రెండవ రోజు గంటలో నలభై నిమిషాలే ఉన్నాడు, మమ్మును పిలిపించారు. మూడవ రోజు గంట నిండింది. నాలుగవ రోజు వెళ్ళేసరికి ఆ గోడ మీది కాగితము దగ్గర నిలబడి, పక్కనున్న ఒక తెల్లపిల్లకు "నీళ్ళు" అని చెప్పిస్తున్నాడు. మనుమరాలు ఆ రోజులన్నీ ఏమి బిగించిందో, ఎవరితో ఆడిందో రాత్రి భోజనములో చెప్పి చెప్పి మా చెవులు గింగురుమనిపించింది. అది అంత మాట్లాడగలదని మాకు అప్పటివరకు తెలియదు.

సోదరీ, మీ మనుమడికి డిసెంబరుకు మూడు నిండవు గనుక చాలా ఓడలలో వాడిని క్లబ్బులో ఒంటరిగా తీసుకోరు. టిక్కెట్టు కొనకముందే, ఓడ బయలుదేరే తేదీని వాడి పుట్టినరోజుతో సరిచూడమని మీ అమ్మాయికి చెప్పండి. జనవరి చివరిలో వెళితే కొన్ని ఓడలలో వీలుండవచ్చును. డిసెంబరులోనే వెళితే వాడు మీ ఒడిలోనే ఉంటాడు. దానికి మీరు సంతోషిస్తారనే అనుకుంటున్నాము. మీ మనుమరాలిని మాత్రము ఏడేళ్ళ వారి గదికి పంపండి. తమ్ముడు నిద్రపోయే వేళ చూచి పంపండి, వెనుదిరిగి చూడకుండా వెళుతుంది.