పిల్లల చేతికి సెన్సర్ కాదు, ముందు ఆడుకునే చోటు

మెయిన్స్ సాధనలో పోషకాహారంపై ఒక ప్రశ్నకు జవాబు రాస్తూ, చివర్లో నేనూ ఈ వాక్యం రాశాను: "అంగన్‌వాడీ పిల్లలందరికీ కదలికలు కొలిచే బ్యాండ్లు ఇవ్వాలి." అప్పుడు అది చాలా ఆధునికంగా అనిపించింది. ఇప్పుడు అది తప్పు అంటున్నాను. రేపు ఇలాంటి ఫైలు మీ బల్ల మీదికే రావచ్చు. కాబట్టి వాదన పూర్తిగా వినండి.

కొలత అవసరమే

3-4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు శారీరకంగా చురుగ్గా ఉండాలనీ, అందులో 60 నిమిషాలు ఓ మోస్తరు నుంచి తీవ్ర స్థాయిలో ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పాప ఎంతసేపు ఆడిందో తల్లిని అడిగితే "పొద్దస్తమానం గెంతుతూనే ఉంటుంది" అంటుంది. ఆ మాటతో లెక్క తేలదు. అందుకే పరిశోధకులు నడుముకో మణికట్టుకో యాక్సెలరోమీటర్ కడతారు. అది మూడు దిశల్లో త్వరణాన్ని పట్టి 'కౌంట్లు'గా మారుస్తుంది. పరిశోధనకు ఇది మంచి సాధనం. దానితో నాకు పేచీ లేదు.

అంకె వెనుక ఏముంది?

నా పేచీ ఆ అంకెనే సత్యం అనుకోవడంతో. 15 సెకన్లలో 420 కౌంట్లు దాటితే ఓ మోస్తరు శ్రమ అని 3-5 ఏళ్ల పిల్లలకు ఒక ప్రసిద్ధ ప్రమాణం చెబుతుంది. కాస్త పెద్ద పిల్లలపై రూపొందిన మరో ప్రమాణంలో ఆ హద్దు 574. మరి 500 కౌంట్లు వచ్చిన బాబు చురుకైనవాడా, కాడా? బాబు అదే, పరుగు అదే. తీర్పు మాత్రం మారిపోయింది.

పైగా పసిపిల్లలు పెద్దల్లా ఏకధాటిగా నడవరు. పది సెకన్లు ఉరుకుతారు, ఆగుతారు, మళ్లీ ఉరుకుతారు. పరికరాన్ని నిమిషానికోసారి లెక్కించేలా పెడితే ఆ చిన్న ఉరుకులు సగటులో మాయమవుతాయి. నడుముకు కట్టిన పరికరానికి సైకిల్ తొక్కడం సరిగా అందదు.

అన్నిటికన్నా ముఖ్యం, పాప తక్కువ కదిలిందని పరికరం చెబుతుంది కానీ ఎందుకో చెప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం 6-59 నెలల పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు వారిలో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. నీరసంగా కూర్చున్న పాపను 'బద్ధకం' ఖాతాలో వేస్తామా? అద్దె గదిలో నడిచే కేంద్రంలో పిల్లలు ఎక్కడ పరుగెత్తాలి? గౌరవ వేతనంపై పనిచేస్తూ ఇప్పటికే పోషణ్ ట్రాకర్ నింపుతున్న అంగన్‌వాడీ టీచర్‌నే రేపు ఈ అంకెలకూ సంజాయిషీ అడుగుతాం.

చట్టం ఏమంటుంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023లోని సెక్షన్ 9 ప్రకారం పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలి. పిల్లలను ట్రాక్ చేయడాన్ని, వారి ప్రవర్తనను పర్యవేక్షించడాన్ని కూడా ఆ సెక్షన్ నిషేధిస్తుంది. మినహాయింపులకు వీలుంది, నిజమే. కానీ మినహాయింపు దొరికినంత మాత్రాన అవసరం రుజువైనట్టు కాదు. రేషన్ కోసం వరుసలో నిలబడిన తల్లి ఇచ్చే సమ్మతి ఎంత స్వేచ్ఛగా ఇచ్చిందో ఆలోచించండి.

మరి ఏం రాయాలి?

సెన్సర్‌ను నమూనా సర్వేలకు పరిమితం చేయాలి. కొన్ని కేంద్రాలు, కొన్ని రోజులు, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, పేర్లు తీసేసిన డేటా ఉంటే చాలు. అందులో ఏ ప్రమాణం వాడారో, ఎన్ని సెకన్ల వ్యవధి పెట్టారో బయటపెట్టాలి. తేలిన ఫలితంతో పిల్లలను కాదు, వ్యవస్థను నిలదీయాలి. మిగతా డబ్బు కేంద్రం ముందు చదును చేసిన జాగాకు, నీడకు, ఆట సామగ్రికి, గుడ్లకు వెళ్లాలి. ఆటను పిల్లల హక్కుగా గుర్తించిన ఐరాస బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణానికి 1992లోనే భారత్ కట్టుబడింది. అంగన్‌వాడీలకు ఆట సామగ్రి ఇవ్వాలని జాతీయ విద్యా విధానం 2020 కూడా చెబుతోంది.

థర్మామీటర్ జ్వరం తగ్గించదు. 'ముందడుగు' పేరాలో టెక్నాలజీ పేరు రాసే ముందు ఒక్కసారి ఆగి, దాని వల్ల ఆ పాపకు ఏం దక్కుతుందో అడగండి.

సాధన ప్రశ్న: "కొలవడం సేవకు ప్రత్యామ్నాయం కాదు." బాల్య పోషణ, సంరక్షణ పథకాల నేపథ్యంలో చర్చించండి. (15 మార్కులు, 250 పదాలు)