పరీక్ష ఇంటికా? బిడ్డకా?

మా నాన్న విత్తనాల బస్తా తెచ్చిన రోజునే మడిలో చల్లడు. వంద వడ్లగింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో చుట్టి, ఎన్ని మొలకెత్తాయో చూస్తాడు. 80కి తక్కువైతే బస్తా వెనక్కి పోవలసిందే. “నారు పోశాక తెలిసి ఏం లాభంరా?” అంటాడు. పెద్దగా చదువుకోని రైతుకు తెలిసిన ఈ సూత్రం మన ప్రజారోగ్యంలో ఒకచోట తలకిందులుగా ఉంది. ఆ చోటు మనం కాపురముంటున్న ఇల్లే. ఆ విషం పేరు సీసం.

సాల్ట్ ఎనాలిసిస్‌లో లెడ్ వచ్చిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. పొటాషియం అయొడైడ్ వేయగానే పసుపుపచ్చ అవక్షేపం వస్తుంది. వేడిచేసి చల్లారిస్తే బంగారు రేకుల్లా తళతళలాడుతుంది. మార్కులొచ్చాయని సంబరపడి టెస్ట్‌ట్యూబు కడిగేస్తాం. అదే లెడ్ మన పాత కిటికీ రెక్కల మీద కూడా ఉండవచ్చునని మన రికార్డు పుస్తకం చెప్పదు.

రంగు నిగనిగలాడాలని, త్వరగా ఆరాలని, కలకాలం మన్నాలని నూనెరంగుల్లో సీసం సమ్మేళనాలు కలిపేవారు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. సంతోషమే. కాని అవి కొత్త డబ్బాకు వచ్చిన నిబంధనలు. అంతకు ముందు పూసిన రంగు తలుపుల మీద అలాగే ఉంది గదా! కిటికీ తీసి వేసినప్పుడల్లా రాపిడికి పొడి రాలుతుంది. పాకే పిల్లవాడి చెయ్యి నేలమీద, మరుక్షణం నోట్లో. మింగిన సీసం పెద్దల కంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది. శరీరం దాన్ని కాల్షియమని భ్రమపడి ఎముకల్లో దాచుకుంటుంది. మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. జ్వరం రాదు, పుండు కనబడదు. బడిలో వాడు మొద్దబ్బాయి అనిపించుకుంటాడు, అంతే. ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతీ కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ పిల్లల జబ్బుకు మూలం వరండా కటకటాలకు, గదుల గోడలకు పూసిన రంగేనని లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904లోనే రాశాడు. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించింది. అంతకు ముందు కట్టిన ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా, సీసం సంగతి తెలిసినంత మేర ముందే చెప్పి తీరాలని 1992లో చట్టం చేసింది. అక్కడ ఇల్లు తనిఖీ చేయడమే వృత్తిగా గలవారున్నారు. పైపూత కింద ఉన్న పాత రంగులోని సీసాన్ని సైతం గోడకు ఆనించి కొలిచే ఎక్స్‌రే పరికరం వారి చేతిలో ఉంటుంది. కిటికీ గట్టు మీద కొలిచినంత మేర తడిగుడ్డతో తుడిచి, ఆ ధూళిని ల్యాబుకు పంపుతారు. అయినా అక్కడ కూడా చాలాసార్లు బిడ్డ రక్తంలో సీసం బయటపడ్డాకనే ఇల్లు చూడటానికి వస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే!

పరాయి దేశాల సంగతి ఎందుకు, నా సంగతే చెబుతాను. మూడేళ్ల కిందట సంక్రాంతికి మా పాత ఇంటి కిటికీలు గరుకుకాగితం పెట్టి నేనే గీకాను. పచ్చ, పసుపు పొడి వసారా అంతా పరుచుకుంది. కొత్త రంగు పూశాక మిగిలింది ఎడ్ల కొమ్ములకు పూశాం. పక్కనే మా అక్క కొడుకు పాకుతున్నాడు. వాడి మూతికి, అరచేతులకు అంటిన పొడి చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఆ పాత రంగులో సీసం ఉందో లేదో నాకు నేటికీ తెలియదు. కెమిస్ట్రీ చదువుతున్నవాణ్ణి, అడగాలని కూడా తోచలేదు. ఆ తప్పు నాదే.

“తిండికే లేని ఇళ్లుంటే తలుపుల రంగు చూస్తావా?” అని హాస్టల్లో ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాని తిండి సరిగా లేని పిల్లవాడి ఒంటికే సీసం మరింత పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువైనచోట అది సులువుగా దూరుతుంది. అందుచేత ఈ పని పేద పిల్లల దగ్గరే మొదలుకావాలి.

అన్ని ఇళ్లూ ఒక్కసారే చూడనక్కరలేదు. ముందు అంగన్‌వాడీలు, ప్రాథమిక పాఠశాలలు చూద్దాం. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో రోడ్డు ఊడ్చే రోజుల్లో ఒక్కరోజు దీనికివ్వండి. ఎక్కడ 2017కు ముందు రంగు పెచ్చులూడుతోందో రాసుకుందాం. పెచ్చులు జాగ్రత్తగా కవర్లలో తెస్తే వాటి పరీక్షకు మన లెక్చరర్లు దారి చూపగలరు. మన టెస్ట్‌ట్యూబులో పసుపు రాలేదని సీసం లేదనుకోకూడదు. తక్కువ మోతాదుకు అంతకంటే సున్నితమైన పరికరం కావాలి. ఒక్కమాట, ఉత్సాహం కొద్దీ ఎవరూ పొడిగా గీకవద్దు, నేను చేసినట్టు. పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా పంపి, తడిచేసి గీకాలి. తడిగుడ్డతో తుడవాలి. గట్టిగా అంటుకుని ఉన్న రంగును కదపకుండా పైన కొత్త పూత వేసినా కొంత రక్షణే.

మా అక్క కొడుకు వచ్చే జూన్‌లో బడిలో చేరతాడు. ఆ బడి కిటికీలు మా ఇంటి కిటికీల కంటే పాతవి. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు మా నాన్న గోనెపట్టా విప్పి మొలకలు లెక్కపెట్టేలోగా, నేను ఆ కిటికీలు చూసి రావాలనుకుంటున్నాను. తోడొచ్చేవారెవరు?