నాలుగంటే భయం - వాస్తు అంటే భయం

చైనీయులకు నాలుగు అంకె గిట్టదు. వారి భాషలో 'నాలుగు', 'చావు' అనే మాటలు దగ్గరగా పలుకుతాయి. ఎనిమిది శుభమని బీజింగ్ ఒలింపిక్స్‌ను 8-8-2008 రాత్రి 8 గంటలకు ప్రారంభించారు.

నవ్వుకోవద్దు! 2015లో వాస్తు బాగాలేదని సచివాలయాన్నే మన ఎర్రగడ్డ చెస్ట్ హాస్పిటల్ స్థలానికి మార్చాలనుకున్నారు. ఆసుపత్రిని వికారాబాద్ పంపుతామన్నారు. టి.బి. వస్తే మనలాంటి ఇళ్లవాళ్లు వెళ్లేది అక్కడికే కదా! చివరికి కొత్త సచివాలయాన్ని పాత చోటే కట్టి 2023లో ప్రారంభించారు.

పెద్దలకు రెండు చేతులతో అందించే చైనా మర్యాదను నేర్చుకుందాం. అది మనిషిని గౌరవిస్తుంది. మూఢనమ్మకం ఏ దేశానిదైనా పేదవాడి మంచానికే ఎసరు పెడుతుంది.