మన సంఘం కంప్యూటరుకు ప్రాసెసరు మార్చాలా?



గత నెలలో ఆరాధన చివర మేము ఒక ప్రకటన చేసిన సంగతి మీకు జ్ఞాపకం ఉంది. మన ఆఫీసు గదిలోని కంప్యూటరు బాగా నెమ్మదించింది, దానికి ప్రాసెసరు మార్చాలి, ప్రేరేపణ కలిగినవారు కానుక ఇవ్వండి అన్నాం. మీరు ఇచ్చారు. మూడు వారాల్లో 9,400 రూపాయలు వచ్చాయి. కువైట్ నుంచి ఒక తమ్ముడు 5,000 పంపాడు. స్త్రీల సమాజంవారు పిడికెడు బియ్యం అమ్మిన డబ్బులోంచి 2,000 ఇచ్చారు. కోడిగుడ్లు అమ్ముకునే ఒక తల్లి 200 రూపాయలు మా చేతిలో పెట్టి, "అదేంటో నాకు తెలీదండి అయ్యగారూ, మీరు అడిగారు గాబట్టి ఇస్తన్నాను" అంది.

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అదేంటో మాకూ సరిగా తెలియకుండానే అడిగాం.

మన కంప్యూటరు 2014 క్రిస్మస్‌కు ముందు కొన్నది. లోపల ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ3-4130. అందులో రెండు కోర్లు ఉంటాయి. ర్యామ్ 4 జీబీ. ఆన్ చేసి, టీ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆదివారం వర్తమానం వీడియో చేసే మన యవనస్థులు, "సెకండ్ హ్యాండులో ఐ7 దొరుకుతుందండి. అదేస్తే రాకెట్టులా ఎల్లిపోద్దండి అయ్యగారూ" అన్నారు. మేము నమ్మాం. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. ఐ7-4770 మన బోర్డు సాకెట్‌లోనే కూర్చుంటుంది. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. భీమవరంలో 5,500 చెప్పారు.

కొనేముందు ఒకసారి చూపిద్దామని డబ్బాను భీమవరం తీసుకెళ్లాం. మెకానిక్ తమ్ముడు టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు. ప్రాసెసరు పాతిక శాతం కూడా పనిచేయడం లేదు. హార్డ్ డిస్క్ మాత్రం నూటికి నూరు దగ్గర నిలబడిపోయింది. తర్వాత డిస్క్ పరీక్ష పెడితే అక్కడక్కడా చెడిపోయిన సెక్టార్లు కనబడ్డాయి. "ప్రాసెసరుకేం కాలేదండి. డిస్కే పోయేలా ఉంది" అన్నాడు.

అర్థమయ్యేలా చెబుతాం. మన ప్రేమ విందు జ్ఞాపకం చేసుకోండి. గాడిపొయ్యి దగ్గర వంటమాస్టారు ఉంటాడు. ఆయన పక్కన బల్ల ఉంటుంది. సామాను కొట్టుగదిలో ఉంటుంది. ప్రాసెసరు అంటే వంటమాస్టారు. ర్యామ్ అంటే ఆ బల్ల. హార్డ్ డిస్క్ అంటే కొట్టుగది. బల్ల ఇరుకైతే తరిగిన కూరలు కూడా మళ్లీ కొట్టుగదిలోనే పెట్టాలి. కొట్టుగది నుంచి సామాను తెచ్చే మనిషి కాలు నొప్పితో కుంటుతున్నాడు. మాస్టారు గరిటె పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. అప్పుడు మనం ఆ మాస్టారును పంపించేసి ఇంకా పెద్ద మాస్టారును పిలిస్తే ఏం లాభం? ఆయనా గరిటె పట్టుకుని నిలబడాల్సిందే.

మన కంప్యూటరులో జరుగుతున్నది అదే. 4 జీబీ బల్ల నిండిపోగానే విండోస్ డిస్క్‌నే బల్లగా వాడుకుంటుంది. ఆ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం. కావలసిన సమాచారం ఎక్కడుందో సూది అక్కడికి కదిలి వెతుక్కోవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు, అందుకే వెతుకులాట దాదాపు ఉండదు. పాత కంప్యూటరుకు ఎస్‌ఎస్‌డీ వేసి ర్యామ్ పెంచితే కలిగే తేడా, ఎక్కువ ఇళ్లలో, ఎక్కువ ఆఫీసుల్లో, ప్రాసెసరు మారిస్తే కలిగే తేడా కంటే బాగా ఎక్కువ.

యవనస్థుల పక్షాన ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఎడిట్ చేసిన వీడియోను చివరికి ఒక ఫైలుగా తయారుచేసేటప్పుడు కష్టపడేది ప్రాసెసరే. అక్కడ ఐ7 తప్పకుండా త్వరగా చేస్తుంది. మన పని రోజంతా అదే అయితే మేమూ సరే అనేవాళ్లం. కానీ మనకు వారానికి ఒక్క వీడియో. ఆదివారం రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. అదీగాక ఐ3 తినే కరెంటు 54 వాట్ల లెక్క అయితే ఐ7ది 84 వాట్లు. పదకొండేళ్ల దుమ్ము పట్టిన ఫ్యాను, మన వేసవి, మన రేకుల గది ఆ వేడిని ఎలా మోస్తాయో ఆలోచించండి.

ఇంకొక సంగతి పెద్దది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. నమోదు చేసుకున్నవారికి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించారు. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి. ఐ7 అన్నా అదీ నాలుగో తరమే. మన బోర్డు నాలుగో తరం దాటి ఒప్పుకోదు. కొత్త తరం కావాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే ర్యామ్ మార్చాలి. అంటే ప్రాసెసరు మార్చడం కాదు, కొత్త కంప్యూటరు కొనడమే. 5,500 పెట్టి ఐ7 వేసినా ఏడాది తిరగకుండా మళ్లీ ఇదే గుమ్మం దగ్గర నిలబడతాం.

ఇది వేగానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. ఆ కంప్యూటరులో మన బాప్తిస్మపు రిజిస్టరు ఉంది, వివాహాల రిజిస్టరు ఉంది. స్కాలర్‌షిప్పులకు, పరీక్షలకు దరఖాస్తులు పెట్టుకున్న పిల్లల ఆధార్ కాపీలు ఉన్నాయి. చెడిపోతున్న డిస్క్ మీద అవన్నీ ఉండగా, మేము ప్రాసెసరు కోసం కానుక పట్టాం. ఐ7 వేసి సంతోషపడిన వారానికే డిస్క్ ఆగిపోయి ఉంటే మీకు ఏమని జవాబు చెప్పేవాళ్లం? ఆ సాయంత్రమే రిజిస్టర్లన్నీ రెండు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించాం. ఒకటి కోశాధికారి గారి దగ్గర, ఒకటి మా ఇంట్లో ఉంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ప్రాసెసరు మార్చవద్దు. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేయిద్దాం. ఫ్యాను దుమ్ము దులిపించి, ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు మార్పిద్దాం. అన్నీ కలిపి 4,300 చెప్పారు. పొడిగించిన అప్‌డేట్లకు నమోదు చేసుకుందాం. 2026 అక్టోబరు తర్వాత ఈ డబ్బాకు ఇంటర్నెట్ తీసేద్దాం. అప్పుడు కూడా కరపత్రాలకూ పాటల కాగితాలకూ మనం వాడే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ దీనిమీద ఎప్పటిలా నడుస్తాయి. ఈలోగా కొత్త కంప్యూటరుకు నెలనెలా కొంచెం దాచుకుందాం.

ఇక మిగిలే 5,100 సంగతి. ఇది మాకు ప్రాసెసరు కంటే బరువైన ప్రశ్న. ఒక పని పేరు చెప్పి తీసుకున్న కానుకను ఇంకో పనికి మౌనంగా మళ్లించే హక్కు మాకు లేదు, ఆ పని ఎంత మంచిదైనా సరే. ఎస్‌ఎస్‌డీ కొనడానికి కూడా మీ అనుమతి కావాలి. ఇచ్చినవారు ఒక్కొక్కరూ కోశాధికారి గారితో చెప్పండి. కొత్త కంప్యూటరు నిధిలో ఉంచమంటే ఉంచుతాం. వెనక్కి ఇవ్వమంటే ఏమీ అనుకోకుండా ఇచ్చేస్తాం. గుడ్ల తల్లి ఇంటికి మేమే వెళ్లి అడుగుతాం.

లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టబోయేవాని ఉపమానం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. తీరా మా వంతు వచ్చేసరికి లెక్క చూడకముందే కానుక పట్టాం. ఇందుకు మీ అందరినీ క్షమాపణ అడుగుతున్నాం.

ఈ తొందరపాటు కంప్యూటరు దగ్గర ఒక్కచోటే చూపించామని కూడా అనలేం. పోయిన ఏడాది బుధవారం ప్రార్థనకు జనం తగ్గితే, విశ్వాసం చల్లారిందని పులిపీఠం మీద నుంచి గద్దించాం. తర్వాత ఇళ్లకు వెళ్లి అడిగితే తెలిసింది, దాళ్వా నాట్లకు వెళ్లి చీకటి పడ్డాక వస్తున్నారు, మేము గంట కొట్టేసరికి ఇంకా స్నానాలు కూడా కాలేదు. కూడిక అరగంట వెనక్కి జరిపితే అందరూ వచ్చారు. ఏది నెమ్మదించినా ముందు తలను తప్పుపట్టడం మనకు అలవాటైపోయింది. ఎక్కడ ఆగిందో వెళ్లి చూడడానికి ఒక సాయంత్రం చాలు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత సంఘ పెద్దలు, యవనస్థులు, స్త్రీల సమాజంవారు కాసేపు ఆగండి. డబ్బాను తెచ్చి మీ ముందే తెరిచి, అదే టాస్క్ మేనేజర్ చూపిస్తాం. చూసి, మీరు వేరేలా చెబితే వింటాం.

దేవుడు మిమ్మల్ని, మీ కష్టార్జితాన్ని దీవించును గాక. ఆమేన్.