స్టీరియోకు తీగ కొనబోయేముందు

దీపావళి బోనసు చేతికందే రోజులలో మన పద్మనగర్ ఇళ్లలోకి ఏదో ఒక కొత్త వస్తువు రావడం మామూలే. ఒకప్పుడది కుట్టుమిషను, ఆ తరువాత టెలివిజను. ఇప్పుడు పూణేలోనో హైదరాబాదులోనో వుద్యోగాలు చేస్తున్న పిల్లలు, అమ్మా బాపులు పాత పాటలు వింటారని మంచి స్టీరియో సెట్లు తెచ్చిపెడుతున్నారు. సంతోషమే. ఐతే ఆంప్లిఫైయరు, స్పీకర్లు, రికార్డు ప్లేయరు కొన్నాక వాటిని కలిపే తీగల దగ్గర చాలామంది తికమకపడుతున్నారు. మేము ఇంజనీర్లము కాము, నూలు బిల్లులు వ్రాసుకునే గుమాస్తాలము. కాని కళ్యాణ్‌లో లోకల్ ఎక్కి, దాదర్‌లో బండి మారి, గ్రాంట్ రోడ్డులో దిగి లామింగ్టన్ రోడ్డు అంగళ్లు చాలా ఏళ్లుగా తిరుగుతున్నవారమే. తెలిసినంతవరకు చెబుతాము.

స్పీకరు తీగతో మొదలుపెడదాము. దానికి కావలసింది తగినంత లావైన రాగి, అంతకుమించి ఏమీ లేదు. లావు కొలవడం మనవాళ్లకు ఒకరు నేర్పనక్కరలేదు. నూలు కౌంటు పెరిగినకొద్దీ దారం సన్నబడుతుంది గదా, అమెరికావారి గేజి లెక్కా అదే తీరు. 18 గేజి కంటె 14 గేజి లావు. మన దేశంలో చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు గనుక ఇక్కడ అంకె పెరిగితే తీగా లావౌతుంది. ఇంటి వైరింగు మిస్త్రీలు 'దేఢ్', 'ఢాయీ' అనేవి 1.5, 2.5 తీగలు. 1.5 రాగి తీగ మీటరుకు సుమారు 0.012 ఓము అడ్డు పెడుతుంది. స్పీకరు 5 మీటర్ల దూరాన వుంటే పోనూ రానూ 10 మీటర్లు, అంటే 0.12 ఓము. 8 ఓముల స్పీకరు ముందు ఇది నూటికి ఒకటిన్నర వంతు. నూటికి 5 వంతులు దాటనంతవరకు దిగులు లేదని ఒక వాడుక లెక్క. మన గదుల పొడవులకు 1.5 ధారాళంగా సరిపోతుంది. 4 ఓముల స్పీకర్లయినా, తీగ పెద్ద హాలు చుట్టూ తిరిగి రావలసివున్నా 2.5 తీసుకోండి.

మోసం వేరేచోట వుంది. అల్యూమినియం మీద రాగి పూత పూసి రాగి తీగ అని అమ్ముతున్నారు. కొన బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే తిరిగి ఇచ్చేయండి. రాగి కంటె దాని అడ్డు రమారమి ఒకటిన్నర రెట్లు. తూకానికి కూడా తేలికగా వుంటుంది.

తీగ తగిలించేటప్పుడు ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు పోవాలి. ఒక స్పీకరుకు సరిగ్గా తగిలించి రెండోదానికి తారుమారు చేస్తే ఒక గుడ్డ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కు లాగుతుంది, తబలా మోత చచ్చిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. 1951 నాటి 'మల్లీశ్వరి' పాట ఏదైనా పెట్టి రెండు స్పీకర్లకూ సమదూరంలో కూర్చోండి. అవి మోనో రికార్డింగులు, రెండు వైపులా ఒకటే ధ్వని. ఘంటసాల గొంతు సరిగ్గా నడుమ, మీ ఎదుట నిలబడి పాడినట్లు రావాలి. ఎక్కడినుంచి వస్తున్నదో తెలియకుండా గదంతా చెదిరినట్లుంటే ఒక స్పీకరు తీగలు అటుదిటు చేయండి.

ఇక ఖరీదైన తీగల ముచ్చట. 2007లో జేమ్స్ రాండీ అనే అమెరికా ఇంద్రజాలికుడు, 7,250 డాలర్ల ఖరీదైన ఒక జత స్పీకరు తీగలకూ మామూలు మంచి తీగకూ తేడాను కళ్లు మూసుకొని, చెవులతో మాత్రమే కనిపెట్టినవారికి పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ తీగలు తయారుచేసేవారు వెనుకకు తగ్గారు, పరీక్ష జరుగనే లేదు. ఆక్సిజను తీసేసిన రాగి అని పెద్ద అక్షరాలతో వ్రాస్తారు. మామూలు మంచి రాగికీ దానికీ విద్యుత్తు ప్రవహించడంలో వున్న తేడా నూటికి ఒక వంతుకు అటూ ఇటూ. పట్టుదారపు తొడుగు తొడిగిన తీగలు చూడడానికి అందంగా వుంటాయి, కాదనము.

మేమిది పట్టుకొని చెప్పడానికి కారణం వుంది. మా ఎరుకలో ఒక పెద్దమనిషి నలభై ఏళ్లు సాంచాల మీద పనిచేశారు. కొడుకు సెట్టు తెచ్చిచ్చాడు. "పాట వినబడుతున్నది బిడ్డా, మాటలు తెలుస్తలేవు" అన్నారాయన. అంగడివాడు తీగ మారిస్తే మాటలు విడివిడిగా వస్తాయన్నాడు. కొడుకు ఒక నెల జీతం పెట్టి తీగ మార్చాడు. మాటలు రాలేదు. ఎలా వస్తాయి? సాంచాల షెడ్డులో మోత 90 డెసిబెళ్లు దాటడం సర్వసాధారణం. అటువంటి మోతలో ఏళ్ల తరబడి నిలిచిన చెవి మొదట కోల్పోయేది 4,000 సైకిళ్ల చుట్టుపక్కల ధ్వనులను. స, త, క వంటి అక్షరాలు విడివిడిగా తెలియడానికి కావలసినవి ఆ ప్రాంతపు ధ్వనులే. రాగం వినబడుతుంది, సాహిత్యం జారిపోతుంది. ఆ డబ్బుతో ముందు చెవుల డాక్టరుకు చూపించి ఆడియోగ్రాము తీయించవలసింది. వినికిడి యంత్రం సరిపడినవారికి అదే పాట తిరిగి దక్కవచ్చు. అందాకా ఆంప్లిఫైయరు ట్రెబులు కొంచెం పెంచి, స్పీకరుకు దగ్గరగా కుర్చీ వేసి చూడండి. ఇప్పటికీ షెడ్డుకు పోతున్న పిల్లలకు చెవి బిరడాలు కొనివ్వండి. పెట్టుకోమంటే నవ్వుతారు, నవ్వనివ్వండి.

రికార్డు ప్లేయరు నుంచి వచ్చే తీగ సంగతి వేరు. సి.డి. ప్లేయరు 2 వోల్టుల వరకు ఇస్తే, మామూలు అయస్కాంతపు కార్ట్రిడ్జి ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లోపే. ఇంత బలహీనమైన సిగ్నలును అల్లిక తొడుగున్న తీగలోనే తేవాలి. పొడవు ఒక మీటరు చాలు. పొడవు పెరిగితే తీగలోని కెపాసిటెన్సు పెరిగి పై స్వరాల తీరు మారుతుంది. కరెంటు తీగల పక్కగా పోనివ్వకండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. దాన్ని ఫోనో అని వ్రాసిన రంధ్రంలోనే పెట్టాలి. పాత ఫిలిప్సు సెట్లకు అయిదు పుల్లల గుండ్రని డిన్ ప్లగ్గు వుంటుంది, దానికి మార్పు తీగలు దొరుకుతాయి.

ఇంత చేసినా స్పీకరులో గుంయిమని మోత వస్తున్నదని చాలామంది అంటారు. రెండు పరికరాలు రెండు చోట్ల భూమికి కలిసివుంటే, నడుమ సిగ్నలు తీగ తొడుగు గుండా కొద్ది కరెంటు చుట్టు తిరుగుతుంది. అదే ఆ 50 సైకిళ్ల మోత. మన వీధులలో దీనికి ఒక చిట్కా చెలామణీలో వుంది, ప్లగ్గు మూడో పిన్ను కోసేయడం. మోత ఆగుతుంది, నిజమే. కాని ఎప్పుడైనా లోపల తీగ తొడుగు చెడి ఇనుప పెట్టెకు తగిలితే ఆ 230 వోల్టులను భూమిలోకి పంపేది ఆ మూడో పిన్నే. అది లేకపోతే, వానాకాలంలో తడి నేల మీద నిలబడి మీట తిప్పే చేతి గుండా పోతుంది. ఆ చేయి ఇంటి కోడలిది కావచ్చు, పసివాడిది కావచ్చు. కోసిన ప్లగ్గు మీ ఇంట్లో వుంటే ఈ పత్రిక పక్కనపెట్టి ముందు అది మార్పించండి. కంపెనీయే రెండు పిన్నులతో ఇచ్చిన సెట్ల మాట వేరు, వాటికి లోపలే జంట రక్షణ వుంటుంది, వెనుక చదరంలో చదరపు గుర్తు కనబడుతుంది.

మోతకు అసలు మందు ఇది. అన్ని పరికరాలూ ఒకే బోర్డు మీదనుంచి నడపండి. రికార్డు ప్లేయరు సన్నని భూమి తీగను ఆంప్లిఫైయరు వెనుక మరకు బిగించండి. కేబుల్ టి.వి. తీగ ఒకసారి వూడదీయండి, మోత ఆగితే దోషి అదే, దానికి ఐసొలేటరు అమ్ముతారు. టి.వి. నుంచి ధ్వని తేవడానికి 1983లో తోషిబావారు తెచ్చిన వెలుతురు తీగ వాడితే మరీ మేలు, వెలుతురు గుండా కరెంటు రాదు గదా. పాత చాళ్లలో గోడ సాకెట్టు మూడో రంధ్రం వెనుక భూమి తీగే లేకపోవచ్చు, మిస్త్రీతో పరీక్ష చేయించండి. పక్క షెడ్డులో మోటారు ఆపినప్పుడల్లా వచ్చే టక్కుమనే శబ్దం కరెంటు లైను గుండా వచ్చేది, స్పీకరు తీగ ఎంత మార్చినా పోదు. దాన్ని తగ్గించే ఫిల్టర్ల సంగతి వచ్చే నెల.