పాత జనరేటర్ల సంగతేమిటి?

బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో కరెంటు పోయిన కాసేపటికే షెడ్ల వెనక జనరేటర్లు అందుకుంటాయి. మిషను మీద ఉన్న జాబు పాడవకూడదు, ఫర్నేసులో వేడి పడిపోకూడదు. యజమాని ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ పొగ పీల్చేది పక్క షెడ్డులో నిలబడి పనిచేసే మనిషి. ఆ మనుషుల్లో సరిహద్దు దాటి బతుకుదెరువుకు వచ్చిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి, పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న జాబితాలో చేర్చింది.

2023 జులై నుంచి జనరేటర్లకు కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. మంచిదే. అయితే అవి కొత్తగా తయారయ్యేవాటికి. కరెంటు లేనప్పుడే తిరిగే యంత్రం ఏళ్లు గడిచినా అరగదు, దాన్నెవరూ మార్చరు.

పొగగొట్టం ఎత్తు నిబంధన చూడండి. 100 కేవీఏ జనరేటరుకు అది ఉన్న భవనం కంటే 2 మీటర్లు ఎక్కువుంటే చాలు. పక్కన మరో రెండంతస్తులు లేస్తే గొట్టం మూతి నేరుగా కిటికీ ఎదుటికి వస్తుంది. కాగితం మీద తప్పేమీ ఉండదు, గది నిండా పొగ.

పాత ఇంజన్లకూ బిగించే మసి పట్టే పరికరాలున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం అవి కనీసం 70 శాతం కణాలను ఆపాలి. ఢిల్లీ పరిసరాల్లో 2023 అక్టోబరు నుంచి పెద్ద జనరేటర్లకు ఇవైనా, గ్యాసూ డీజిలూ కలిపి నడిపే ఏర్పాటైనా ఉండాలన్నారు. పీణ్యలోనూ అంత పట్టుదల కావాలి.

అయితే పరికరం తగిలించి చేతులు దులుపుకుంటే కుదరదు. ముందుచూపు పేరుతో 125 కేవీఏ కొని, దానిమీద పాతిక కేవీఏ లోడు నడిపే షెడ్డును ఊహించుకోండి. ఇంజను వేడెక్కదు, డీజిలు పూర్తిగా కాలదు, సైలెన్సరు జాయింటు దగ్గర నల్లటి జిడ్డు కారుతుంది. అక్కడ ఫిల్టరు పెడితే మసి పేరుకుంటుందే తప్ప కాలిపోదు. ఉత్ప్రేరకం సాయం లేకుండా మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఫిల్టరు పూడుకుపోయి ఇంజను ఉక్కిరిబిక్కిరైతే మెకానిక్ దాన్ని ఊడదీసి మూలన పడేస్తాడు.

అందుకే ముందు లోడు కొలవాలి. అవసరానికి మించిన జనరేటరును వదిలించుకుని, ఒకే కాంపౌండులోని చిన్న యూనిట్లు సరిపడా సైజుది ఉమ్మడిగా పెట్టుకోవాలి. ఆ తర్వాతే ఫిల్టరు. చిన్న యూనిట్ల ఖర్చులో ప్రభుత్వం వాటా భరించాలి. తనిఖీకి వచ్చే అధికారి బిల్లు చూసి సంతకం పెట్టకుండా, లోడు మీద ఇంజను నడిపించి పొగ కొలవాలి.